గుసగుసను వినగల చిప్ ఏది?

పత్తి చేనులో ఒక చిన్న పరికరం ఉంది. అది నేలలో తేమను కొలిచి, ఆ వివరాన్ని దూరంగా మోటారు షెడ్డులో ఉన్న రిసీవర్‌కు రేడియో ద్వారా పంపుతుంది. అక్కడి నుంచి ఆదేశం రాగానే డ్రిప్ వాల్వు తెరుస్తుంది. విత్తిన కొత్తలో అంతా బాగానే నడిచింది. పైరు ఏపుగా పెరిగాక సందేశాలు తప్పిపోవడం మొదలైంది. తడి ఆకులు రేడియో తరంగాల శక్తిని కొంత మింగేస్తాయి. ఒక్క ఆదేశం అందకపోయినా ఆ పూట తడి తప్పినట్లే.

ప్రసార శక్తిని పెంచడం మొదట తోచే ఉపాయం. కానీ మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోగల 865-868 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ట్రాన్స్‌మిటర్ శక్తి 1 వాట్ దాటకూడదు. చిన్న సెల్స్ అంత శక్తిని కూడా ఎక్కువ కాలం ఇవ్వలేవు. గొంతు పెంచే వీలు లేనప్పుడు చెవికి పదును పెట్టాలి. అందుకే పంపడం, అందుకోవడం రెండూ చేసే ట్రాన్స్‌సీవర్ చిప్‌ను ఎంచుకునేటప్పుడు ఇంజినీర్లు ముందుగా దాని సున్నితత్వాన్ని చూస్తారు.

అంకె వెనుక లెక్క

చిప్ అర్థం చేసుకోగల అతి బలహీనమైన సంకేతమే సున్నితత్వం. దీన్ని డీబీఎంలలో చెబుతారు. 1 మిల్లీవాట్ అంటే సున్నా డీబీఎం. అక్కడి నుంచి 10 తగ్గిన ప్రతిసారీ శక్తి పదో వంతు అవుతుంది. కాబట్టి రుణ సంఖ్య ఎంత పెద్దదైతే చెవి అంత చురుకైనది.

దీనికి ప్రకృతి ఒక హద్దు గీసింది. గది ఉష్ణోగ్రత వద్ద ప్రతి హెర్ట్జ్‌కు -174 డీబీఎం రొద తప్పదు. 125 కిలోహెర్ట్జ్ వెడల్పున వింటే అది -123కు చేరుతుంది. చిప్ సొంత రొద మరో 6 డెసిబెల్స్ అనుకుంటే -117. మామూలు పద్ధతుల్లో సంకేతం ఈ రొదకు పైన ఉండాలి. లోరా పద్ధతి మాత్రం రొద కింద 20 డెసిబెల్స్ లోతున ఉన్న సంకేతాన్ని కూడా పట్టుకుంటుంది. అలా -137 వరకు చేరవచ్చు.

మరి మూల్యం? వేగం. లోరాలో 20 బైట్ల సందేశానికి వేగవంతమైన అమరికలో సుమారు 57 మిల్లీసెకన్లు చాలు. అత్యంత నెమ్మదైన అమరికలో 1.3 సెకన్లు పడుతుంది. అంటే ప్రసారానికి దాదాపు 23 రెట్ల బ్యాటరీ ఖర్చు.

డేటాషీట్‌ను చదివే తీరు

అందుకే డేటాషీట్ మొదటి పేజీలోని అంకెలను నేరుగా పోల్చకూడదు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి సీసీ1101 చిప్‌కు 868 మెగాహెర్ట్జ్ వద్ద, 1.2 కిలోబాడ్ వేగంలో -112 డీబీఎం అని ఉంటుంది. సెమ్‌టెక్ వారి ఎస్ఎక్స్1276కు -148 అని కనిపిస్తుంది. ఈ రెండోది చాలా సన్నని బ్యాండ్‌విడ్త్‌లో, చాలా నెమ్మదిగా పనిచేసినప్పటి మాట. మనకు కావలసిన వేగం వద్ద ఎంత అన్నదే అసలు ప్రశ్న.

వినడానికయ్యే ఖర్చునూ చూడాలి. ఎస్ఎక్స్1276 వింటున్నప్పుడు సుమారు 10 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. 2,400 మిల్లీ ఆంపియర్ అవర్ల సెల్స్ లెక్క ప్రకారం పది రోజుల్లో ఖాళీ. తర్వాత వచ్చిన ఎస్ఎక్స్1262కు 4.6 మిల్లీ ఆంపియర్లు చాలు. అయినా మూడు వారాలే. కాబట్టి ఏ చిప్ అయినా ఎక్కువ సేపు నిద్రపోతూ, నిర్ణీత వేళల్లో మాత్రమే లేచి వినాలి.

పొరుగున ఉన్న రొద మరో చిక్కు. 869 మెగాహెర్ట్జ్ నుంచి మొబైల్ టవర్ల ప్రసారాలు మొదలవుతాయి. పక్కనే టవర్ ఉంటే ఎంత చురుకైన చెవికైనా గుసగుస వినబడదు. ఫిల్టర్ పెడితే ఆ రొద తగ్గుతుంది కానీ సున్నితత్వంలోనూ కొంత పోతుంది. ఒక్కోసారి సున్నితత్వం కాస్త తక్కువైనా, బలమైన పొరుగు సంకేతాలను తట్టుకునే చిప్పే మేలు.

బహిరంగ ప్రదేశంలో 6 డెసిబెల్స్ లాభం దూరాన్ని రెట్టింపు చేస్తుంది. నేలకు దగ్గరగా ఉన్న యాంటెన్నాలకు అదే ఫలితం కోసం 12 వరకు కావాలి. అందుకే అనుభవజ్ఞులు లెక్కకు మించి కొంత మిగులు ఉంచుకుంటారు. చివరి పరీక్ష ఎండిన ఖాళీ చేనులో కాకుండా, వాన వెలిసిన మర్నాడు నిండు పైరు మధ్య జరగాలి.