మగ్గము దిగినను కాలు ఆగరాదు

మన ఇండ్లలో తరచుగా వినవచ్చు మాట యొకటి గలదు: "నాయన మగ్గము దిగినప్పటినుండి మనిషి మారిపోయినాడు." నిన్నటివరకు పడుగులో తెగిన పోగును వ్రేలి కొసతో తడిమి పట్టుకొన్న మనిషి, ఆరు నెలలు అరుగుమీద కూర్చుండగానే, ఉదయము చెప్పిన సంగతి సాయంకాలమునకు మరచును. పిలిచిన పలుకడు. చిన్న మాటకు కోపము తెచ్చుకొనును, లేదా ఏ మాటయు లేక గోడవైపు చూచుచుండును. ఇంటివారు "వయస్సు మీరినది, చాదస్తము" అని సరిపెట్టుకొందురు. సోలాపురములోనైనను, భీవండిలోనైనను, బరంపురములోనైనను, సేలములోనైనను మనవారి ఇండ్లలో ఈ మాట ఒక్కటే.

ఈ మార్పు అంతయు వయస్సు వలననే వచ్చినది కాదనియు, అందులో కొంత భాగము కదలిక నిలిచిపోవుటవలన వచ్చుననియు, ఆ భాగమును మనము చాలవరకు చక్కదిద్దుకొనవచ్చుననియు ఈ వ్యాసమున మనవి చేయదలచితిమి.

మెదడునకు కాళ్లతో ఏమి పని?

"నడచునవి కాళ్లు, లాభపడునది తల యెట్లు?" అని కొందరు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. మన మెదడు బరువు శరీరపు బరువులో నూటికి 2 పాళ్లు మాత్రమే. కాని విశ్రాంతిగానున్న శరీరము ఖర్చుపెట్టు శక్తిలో సుమారు 20 పాళ్లు ఆ చిన్న అవయవమే వాడుకొనును. అందుకు కావలసిన ప్రాణవాయువును, చక్కెరను రక్తము మోసికొని పోవలెను. వెంట్రుకకంటె సన్నని నాళముల గుండా ఆ రక్తము మూలమూలకు చేరవలెను. రక్తపోటు హెచ్చినవారికి, మధుమేహము గలవారికి, పొగ త్రాగువారికి ఈ సన్నని నాళములు చెడును. పేక చాలని చోట గుడ్డ పలుచబడినట్లు, రక్తము చాలని చోట మెదడు పని మందగించును.

వడిగా నడచునప్పుడు గుండె బలముగా కొట్టుకొనును. నిత్యము నడచువారికి రక్తనాళములు బిగుసుకొనక సాగుడు గుణము నిలుపుకొనును. రక్తపోటు, చక్కెర అదుపునకు వచ్చును. రాత్రి నిద్ర పట్టును. ఇవి యన్నియు మెదడునకు మేలు చేయునవే. ఇదిగాక, శరీరము శ్రమించునప్పుడు నరకణములను పోషించు కొన్ని పదార్థములు హెచ్చునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. వానిలో ముఖ్యమైనది బి.డి.ఎన్.ఎఫ్. అను ప్రోటీను. పైరునకు ఎరువు ఎట్టిదో నరకణములకు ఇది అట్టిది. కణమునకు కణమునకు నడుమనుండు అతుకులు గట్టిపడుటకు ఇది తోడ్పడును. క్రొత్త సంగతి నేర్చుకొనుటకు, నేర్చినది నిలుపుకొనుటకు ఈ అతుకులే ఆధారము.

పరిశోధకులు చూచినదేమి?

ఈ విచారణకు దారి తీసిన పరిశీలన ఒకటి పనివాండ్ర మధ్యనే జరిగినది. లండను నగరపు రెండంతస్తుల బస్సులలో డ్రైవరు రోజంతయు కూర్చుండును. కండక్టరు రోజంతయు మెట్లెక్కి దిగుచుండును. ఒకే సంస్థ, ఒకే బస్సు. జెర్రీ మారిస్ అను వైద్యుడును ఆయన సహచరులును వీరిని పరిశీలించి, డ్రైవర్లకంటె కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా వచ్చుచున్నదని 1953లో ప్రకటించిరి. అప్పటి మాట గుండెను గూర్చినది. అటుపిమ్మట, గుండెకు మేలు చేయునది మెదడునకును చేయునా యను విచారణ బయలుదేరెను.

మెదడు లోతట్టున, కుడి యెడమల, హిప్పోకాంపస్ అను చిన్న భాగము గలదు. సముద్రపు గుఱ్ఱమను చేపను పోలియుండుటచే దానికి ఆ పేరు వచ్చినది. నిన్న ఏమి జరిగినది, తాళపుచెవి ఎక్కడ పెట్టితిమి, ఏ వీధి మలుపు తిరిగిన ఇల్లు వచ్చును అను జ్ఞాపకములకు అది ముఖ్య స్థానము. వార్ధక్యమున అది యేటేట నూటికి ఒకటి రెండు పాళ్లు కుదించుకొని పోవును.

అమెరికాలో కిర్క్ ఎరిక్సన్, ఆర్థర్ క్రేమర్ మొదలగు పరిశోధకులు 55 మొదలు 80 ఏండ్ల వయస్సు గల 120 మందిని రెండు జట్లుగా విభజించిరి. ఒక జట్టు వారమునకు 3 రోజులు, రోజునకు 40 నిమిషములు నడచెను. రెండవ జట్టు ఒళ్లు సాగదీయు తేలిక వ్యాయామములు చేసెను. ఒక యేడు గడచిన పిమ్మట కొలిచి చూడగా, రెండవ జట్టువారి హిప్పోకాంపస్ నూటికి 1.4 పాళ్లు తగ్గినది. నడచినవారిది 2 పాళ్లు పెరిగినది. జ్ఞాపక పరీక్షలలో రెండు జట్లును కొంత మెరుగుపడినవి గాని, నడచినవారిలో ఆ భాగము ఎవరికి ఎక్కువ పెరిగినదో వారికి జ్ఞాపకమును ఎక్కువ మెరుగుపడినది. ఈ ఫలితములు 2011లో వెలువడినవి. ఆ నడకకు యంత్రములు లేవు, మందులు లేవు. రెండు కాళ్లు, కొంత తీరిక చాలినవి.

మనస్సు సంగతియు ఇట్టిదే. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున జేమ్స్ బ్లూమెంథాల్ బృందమువారు 50 ఏండ్లు దాటి, తీవ్రమైన మనోవ్యాకులతతో బాధపడుచున్న 156 మందిని తీసికొనిరి. కొందరికి మందు, కొందరికి వ్యాయామము, కొందరికి రెండును ఇచ్చిరి. 16 వారములు ముగియునప్పటికి మూడు జట్లును ఇంచుమించు సమానముగా కోలుకొన్నవని 1999లో తెలిపిరి. ఇందునుబట్టి వైద్యుడిచ్చిన మందు మానవలెనని ఎవరును తలపరాదు. నడక మందునకు తోడు. మందు నిలుపవలెనన్న వైద్యుడే చెప్పవలెను.

ఉన్న సంగతి దాచక చెప్పుట మా విధి. అన్ని పరిశోధనలును ఇట్లే తేలలేదు. 70 మొదలు 89 ఏండ్ల వారు 1,635 మంది పాల్గొన్న అమెరికా పరీక్ష యొకటి 2015లో వెలువడినది. రెండేండ్లు వ్యాయామము చేసిన జట్టునకును, ఆరోగ్య బోధనలు మాత్రమే విన్న జట్టునకును మొత్తముమీద ఆలోచనాశక్తిలో భేదము కనబడలేదు. 2018లో ఇంగ్లండునుండి వచ్చిన మరియొక ఫలితమునుబట్టి, మతిమరపు వ్యాధి ముదిరి డిమెన్షియాగా నిర్ధారణ అయినవారికి వ్యాయామమువలన శరీరబలము పెరిగెను గాని మరపు తగ్గలేదు. కావున నడక ఈ వ్యాధికి చికిత్స అని ఎవరైన చెప్పిన నమ్మరాదు. వ్యాధి రాకమునుపు, నడివయస్సునుండియే, మెదడును కాపాడుకొను ఉపాయములలో ఇదియొకటి. పోగు తెగిన పిదప అతుకుటకంటె తెగకుండ చూచుకొనుట మేలని మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

మగ్గముమీద పడిన కష్టము చాలదా?

"యాబై యేండ్లు మగ్గము తొక్కితిని, ఇంక వ్యాయామ మెందులకు?" అని మా పెద్దలే మమ్ములను నిలదీసిరి. గుంట మగ్గములో కాళ్లు చేతులు ఆడుచునే యుండుట నిజమే. కాని నడుము వంగి, ఛాతీ ముడుచుకొని, గంటలకొలది ఒకే చోట జరుగు పని యది. మరమగ్గముల వద్ద నిలుచువారికి అలసట హెచ్చు. దూది ధూళి, చప్పుడు వేరు. కండెలు చుట్టు స్త్రీలును, బీడీలు చుట్టు స్త్రీలును కూర్చున్న చోటినుండి లేవరు. పనిలో పడు కష్టమును, తీరికగా తన యిష్టమున చేయు వ్యాయామమును శరీరమునకు ఒకే ఫలము నీయవని పెక్కు పరిశీలనలు చెప్పుచున్నవి. అంతేగాక, పాతికేండ్ల నాడు చేసిన శ్రమ నేటి మెదడునకు చాలదు; నిన్నటి భోజనముతో నేటి ఆకలి తీరదు గదా!

ఒకప్పుడు మన పనిలోనే మంచి నడక యుండెడిది. తెల్లవారుజామున వీధిలో పడుగు సాగదీసి గంజి పెట్టునప్పుడు, ఈ కొననుండి ఆ కొనకు ఎన్నియో మారులు నడచెడివారము. నలుగురు కలిసి చేయు పని. మాటలు, నవ్వులు, చల్లని గాలి. ఇప్పుడు చాలచోట్ల సిద్ధమైన పడుగే వచ్చుచున్నది. పని తేలికయైనది, సంతోషమే. కాని ఆ నడకయు, ఆ నలుగురి కూడికయు దానితో పాటు పోయినవి. వానిని మరల తెచ్చుకొనవలెననియే మా విన్నపము.

ఎట్లు ఆరంభింపవలెను?

65 ఏండ్లు దాటినవారు కూడ వారమునకు 150 మొదలు 300 నిమిషములు మధ్యరకపు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సలహా చెప్పినది. దీనితోపాటు వారమునకు రెండు రోజులైనను కండబలమునకు, మూడు రోజులు పడిపోకుండ నిలద్రొక్కుకొనుటకు తగిన వ్యాయామములు చేయవలెననినది. ఇది విని ఎవరును భయపడనక్కరలేదు. పైన చెప్పిన పరీక్షలోని నడకజట్టు కూడ మొదట 10 నిమిషములే నడచినది. వారమునకు 5 నిమిషములు పెంచుకొనుచు ఏడవ వారమునకు 40 నిమిషములకు చేరినది. మనకును ఆ పద్ధతియే మంచిది.

నడక వడి ఎంత యుండవలెనో తెలియుటకు సులభమైన గుర్తు: ప్రక్కవానితో మాటాడగలుగవలెను, కాని పాట పాడుటకు ఊపిరి చాలకుండవలెను. చెప్పులు పాదమునకు సరిపడవలెను. కండబలమునకు, కదలని కుర్చీలో కూర్చుండి, చేతుల ఊత లేక లేచి నిలిచి మరల కూర్చుండుట పదిమార్లు చేయవచ్చును. నిలద్రొక్కుకొనుటకు, స్తంభమునో గోడనో పట్టుకొని ఒంటికాలిమీద కొన్ని క్షణములు నిలువవచ్చును.

గుండె జబ్బు గలవారు ముందుగా వైద్యుని అడిగి ఆరంభింపవలెను. నడచునప్పుడు రొమ్ములో నొప్పి, ఆయాసము, తల తిరుగుట కలిగిన వెంటనే ఆగి వైద్యుని చూడవలెను. మధుమేహమునకు మందు వాడువారు పరగడుపున దూరము పోరాదు. జేబులో కొంత చక్కెర ఉంచుకొనవలెను.

మరపులన్నియు ఒకటి కావు

ఇంటిలో పెద్దలకు మరపు కనబడినచో నడక ఒక్కటే చాలునని ఊరకుండరాదు. థైరాయిడు లోపము, బి-12 విటమిను లోపము, మనోవ్యాకులత, కొన్ని మందులు కూడ మరపు తెచ్చును. వీనిలో పెక్కు చికిత్సకు లొంగునవే. మరియు మరమగ్గముల చప్పుడులో ఏండ్లకొలది పనిచేసినవారికి చెవులు మందగించును. విననివాడు బదులు చెప్పడు. బదులు చెప్పనివానితో ఇంటివారు మాటాడుట మానుదురు. మాటలు లేని మెదడు మరింత మందగించును. డిమెన్షియాకు కారణములగు 14 విషయములను 2024లో లాన్సెట్ పత్రికవారి నిపుణుల సంఘము ఎంచినది. వ్యాయామ లోపము, వినికిడి లోపము, వ్యాకులత, ఒంటరితనము, రక్తపోటు, మధుమేహము వానిలోనివే. వీనినన్నిటిని చక్కదిద్దగలిగినచో నూటికి 45 పాళ్ల వరకు ఆ వ్యాధిని నివారించుటకో, వెనుకకు నెట్టుటకో వీలుండునని వారి అంచనా. కావున చెవులను పరీక్ష చేయించుట కూడ మెదడును కాపాడుటయే.

ఇంటివారి వంతు

మాకు తెలిసిన పెద్ద ఒకరు కుమారులు చేతిమగ్గము తీసివేసిన తరువాత మూలపడిరి. ఎవరితోను మాటలేదు. మనుమడు రోజును ఉదయము "తాతా, నూలు అంగడిదాక పోయి వత్తము రా" అని చేయి పట్టుకొని బయలుదేరదీసెను. మొదట వీధి చివరవరకే పోయిరి. కొన్ని నెలలకు ఆయన తానే ముందు లేచి మనుమని లేపసాగెను. పోయిన జ్ఞాపకమంతయు తిరిగివచ్చినదని మేము చెప్పము. కాని కోపము తగ్గినది, నిద్ర వచ్చినది, దారిలో నలుగురితో పలుకరింపు పెరిగినది. పండుగకు వచ్చిన కూతురు "మా నాయన మరల కనబడినాడు" అని కంట తడిపెట్టినది.

ఆ మనుమడు చేసిన పని మనలో ప్రతి ఇంటివారును చేయదగినది. "నడువుము" అని పెద్దలకు చెప్పి మనము పనిలో పడిన లాభములేదు, తోడు పోవలెను. స్త్రీలు ఇరుగుపొరుగువారితో జట్టుగా బయలుదేరిన సంకోచము తీరును. ప్రతి ఊరి సంఘము వారును ఉదయము ఒక వేళ, ఒక చోటు నిర్ణయించి పెద్దల నడకజట్టు నొకటి ఏర్పరచిన, ఖర్చు లేని గొప్ప సేవ యగును.

మన పెద్దల తలలలో ఉన్నది వారి సొత్తు మాత్రమే కాదు. ఏ రంగు ఏ రంగుతో కలియును, ఏ పడుగునకు ఎంత గంజి పట్టును, ఏ అంచు ఏ ఊరినుండి వచ్చినది అను విద్య పుస్తకములలో చాలవరకు లేదు. వారి జ్ఞాపకములోనే యున్నది. దానిని కాపాడుటకు రేపటి ఉదయము పది నిమిషముల నడకతో ఆరంభింతము.