ఒబీలియా సహనివేశం పెరుగుదల – జఠర ద్రవ ప్రసరణలో మార్పులు

ఈ భాగం చదివిన తరవాత మీరు ఒబీలియా జీవితచక్రంలోని వివిధ దశల్లో ద్రవం ఎలా కదులుతుందో వివరించగలరు. గుండె లేని జీవిలో ఆహారం చివరి శాఖల దాకా ఎలా చేరుతుందో చెప్పగలరు.

పరిచయం

తెనాలి మీదుగా పారే కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలను గుర్తు తెచ్చుకోండి. ప్రకాశం బ్యారేజి దగ్గర వదిలిన నీరు పల్లానికి, ఒకే దిశలో పారుతుంది. దూరం పెరిగేకొద్దీ రేపల్లె, బాపట్ల వైపు చివరి భూములకు నీరు చేర్చడం కష్టమవుతుంది. సముద్రంలో రాళ్లకు, గవ్వలకు, కొయ్యలకు అతుక్కుని పెరిగే ఒబీలియాకూ ఇలాంటి సమస్యే ఉంది. సహనివేశం విస్తరించేకొద్దీ ఆహారం పట్టే పాలిప్‌కూ, ఆహారం అవసరమైన కొనకూ మధ్య దూరం పెరుగుతుంది.

1. ప్లాన్యులా

శైలికలతో ఈదే ఈ డింభకం మొదట లోపల కుహరం లేకుండా ఘనంగా ఉంటుంది. ఇది ఆహారం తీసుకోదు. అండంలోని నిల్వ పదార్థంతోనే గడుపుతుంది. కాబట్టి ఈ దశలో జఠర ద్రవ ప్రసరణ లేదు.

2. మొదటి పాలిప్

ప్లాన్యులా ఆధారానికి అతుక్కుని పాలిప్‌గా మారుతుంది. నోరు, స్పర్శకాలు, జఠర ప్రసరణ కుహరం ఏర్పడతాయి. దేహం చిన్నది కనుక అంతస్త్వచ కణాల కశాభాల కదలిక, దేహకుడ్యపు సంకోచాలు ద్రవాన్ని కలియబెట్టడానికి సరిపోతాయి.

3. సహనివేశం

హైడ్రోరైజా పాకి, దాని నుంచి నిలువు శాఖలు, కొత్త పాలిప్‌లు పుడతాయి. వ్యాపనం ఒక్కటే ఆధారమైతే దూరం 10 రెట్లయినప్పుడు పట్టే కాలం సుమారు 100 రెట్లవుతుంది. అందువల్ల ప్రవాహం తప్పనిసరి.

పాలిప్‌లన్నీ సీనోసార్క్ అనే ఉమ్మడి గొట్టంలోకి తెరుచుకుంటాయి. ఆహారం తీసుకున్న పాలిప్ సంకోచించి ద్రవాన్ని గొట్టంలోకి నెడుతుంది, వ్యాకోచించినప్పుడు తిరిగి తీసుకుంటుంది. పాలిప్‌లన్నీ ఒకేసారి సంకోచించవు. అందుచేత ద్రవం ఒకసారి ఇటు, ఒకసారి అటు కదులుతుంది. ఇది తెనాలి కాలువ తీరు కాదు. నిజాంపట్నం దగ్గర సముద్రపు పాయలో పోటుకు నీరు లోపలికి ఎక్కి, ఆటుకు వెనక్కి తీసే తీరు.

ముఖ్యమైన విషయం ఇది: కాలువకు నీరు వదిలే చోటు ఒక్కటే, ఇక్కడ కొత్తగా పుట్టిన ప్రతి పాలిప్ ఒక కొత్త పంపు. గొట్టాలు పొడవవుతున్నకొద్దీ పంపుల సంఖ్యా పెరుగుతుంది. నోరు లేని బ్లాస్టోస్టైల్‌కు కూడా ఆహారం ఈ ద్రవం ద్వారానే అందుతుంది. ఒబీలియాకు దగ్గరి బంధువైన కాంపాన్యులేరియాలో పాలిప్‌లు కొద్ది రోజులకే క్షీణిస్తాయి. వాటి పదార్థం వృథా కాదు, ద్రవంలో కలిసి సహనివేశానికి తిరిగి చేరుతుంది.

4. ప్రవాహం, ఆకృతి

పోడోకొరైనా అనే మరో హైడ్రాయిడ్‌లో స్టోలన్‌లు దూరదూరంగా పాకుతాయి. బ్లాక్‌స్టోన్, బస్ అనే శాస్త్రజ్ఞులు దానికి డైనైట్రోఫినాల్ ఇచ్చి చూశారు. ఇది కణాలలో శక్తి ఉత్పత్తిని దెబ్బతీసే రసాయనం. అలాంటి సహనివేశాలలో అంచులకు ప్రవాహం తగ్గింది. పాలిప్‌లు, శాఖలు దగ్గరదగ్గరగా, దట్టంగా పెరిగాయి. అంటే పెరుగుదల ప్రవాహాన్ని మార్చడమే కాదు, ప్రవాహం కూడా పెరుగుదలను ప్రభావితం చేస్తుంది.

5. మెడ్యూసా

బ్లాస్టోస్టైల్ మీద మొగ్గగా ఉన్నంతకాలం మెడ్యూసా ఉమ్మడి ద్రవం మీదే ఆధారపడుతుంది. విడిపోయాక దానికి సొంత నోరు, జఠరం, 4 వ్యాసార్థ కుల్యలు, అంచు చుట్టూ వలయ కుల్య ఉంటాయి. ఈ కుల్యలలో ద్రవాన్ని కదిలించడంలో కశాభాలు ముఖ్య పాత్ర వహిస్తాయి.

గమనిక: ఒబీలియాలో రక్తం, గుండె ఉన్నట్లు పరీక్షలో రాయకండి. జీర్ణక్రియ, ప్రసరణ రెండూ ఒకే కుహరంలో జరుగుతాయి. అందుకే దానికి జఠర ప్రసరణ కుహరం అని పేరు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ప్లాన్యులాలో జఠర ద్రవ ప్రసరణ ఎందుకు లేదు?
2. సీనోసార్క్‌లో ద్రవ ప్రవాహ దిశ ఎందుకు మారుతూ ఉంటుంది?
3. సహనివేశంలో పాలిప్‌లన్నీ ఒకేసారి సంకోచిస్తే ద్రవ ప్రసరణ ఏమవుతుంది? కారణంతో రాయండి.