అంబేడ్కర్ తిరిగిన లండన్

లండన్ అనగానే మనకు బిగ్ బెన్ గడియారం, టవర్ బ్రిడ్జి, బకింగ్‌హామ్ ప్యాలెస్ గుర్తుకొస్తాయి. జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఉండేవి అవే మరి. మన హాస్టల్ గోడ మీద ఫొటోలో ఉన్న అంబేడ్కర్ గారు చదువుకున్న లండన్ వేరు.

1916లో ఆయన అక్కడి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో, లాయర్లను తయారుచేసే గ్రేస్ ఇన్‌లో చేరారు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ గడువు తీరిపోవడంతో 1917లో చదువు సగంలోనే ఆపి రావలసి వచ్చింది. స్కాలర్‌షిప్ ఆగితే ఎలా ఉంటుందో మనకెవరూ చెప్పనక్కర్లేదు! బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి, జీతంలో మిగిల్చి, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయంతో, ఒక పార్సీ మిత్రుని దగ్గర అప్పుతో 1920లో మళ్లీ వెళ్లారు.

బ్లూమ్స్‌బరీ ప్రాంతంలో బ్రిటిష్ మ్యూజియం ఉంది. అందులో పెద్ద గోపురం కింద గుండ్రటి రీడింగ్ రూమ్‌ను 1857లో తెరిచారు. అంతకుముందు కార్ల్ మార్క్స్ చదివిన ఆ గదిలోనే అంబేడ్కర్ గారూ చదివారు. గ్రేస్ ఇన్ అక్కడికి నడిచిపోయేంత దూరమే.

ఉత్తరాన ప్రిమ్‌రోజ్ హిల్ అనే చిన్న గుట్ట ఎక్కితే నగరమంతా కనిపిస్తుంది. ఆ దగ్గర్లోని కింగ్ హెన్రీస్ రోడ్డులో 10వ నంబరు ఇంట్లో ఆయన 1921-22లో ఉన్నారు. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆ ఇంటిని కొని మ్యూజియంగా మార్చింది. 1923లో రూపాయి సమస్య మీద రాసిన పరిశోధనకు డి.ఎస్‌సి. వచ్చింది.

1930లో ఆయన మళ్లీ లండన్ వెళ్లారు, ఈసారి రౌండ్ టేబుల్ సమావేశానికి. రెట్టమలై శ్రీనివాసన్‌తో పాటు అణగారిన వర్గాల ప్రతినిధిగా సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌లో కూర్చున్నారు.