డిచ్‌పల్లిలో జర్నలిజం పీజీ.. సీటు ఎలా వస్తుంది?

జర్నలిజం చదవాలంటే నిజామాబాద్ జిల్లా యువత హైదరాబాద్‌కే వెళ్లక్కర్లేదు. 2006లో ఏర్పాటైన తెలంగాణ యూనివర్సిటీ డిచ్‌పల్లి క్యాంపస్‌లో రెండేళ్ల ఎంఏ మాస్ కమ్యూనికేషన్ కోర్సు ఉంది.

ఎవరు అర్హులు?
డిగ్రీ పాసైనవారు. జర్నలిజం ముందే చదివి ఉండాల్సిన పనిలేదు.

సీటు ఎలా?
ఉస్మానియా యూనివర్సిటీ నిర్వహించే సీపీగెట్ రాయాలి. 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు. ర్యాంకు ఒక్కటే సరిపోదు. కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు ఇచ్చేటప్పుడు డిచ్‌పల్లి క్యాంపస్‌ను ఎంచుకోవాలి. అది మరిచిపోతే ఇంటి దగ్గరి సీటు చేజారుతుంది.

ఇక్కడే చదివితే లాభమేంటి?
2015లో మూతపడిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కార్మికులు, ధర కోసం ఎదురుచూసే పసుపు రైతులు.. వార్తలు చుట్టూనే ఉన్నాయి. వాటిని దగ్గరుండి చూసి, అడిగి, రాసేవాళ్లే కావాలి.

దరఖాస్తుకు ముందు ఈ ఏడాది నోటిఫికేషన్‌లో ఫీజు, గడువు తేదీలు సరిచూసుకోండి.