డిస్‌ప్రాక్సియా

ఐదేళ్లు నిండినా చొక్కా గుండీలు పెట్టుకోలేడు. బంతి విసిరితే పట్టలేడు. నాలుగు అక్షరాలు రాస్తే చెయ్యి నొప్పంటాడు. మాటలు మాత్రం గలగలా! ఇలాంటి పిల్లాణ్ని ఇంట్లో బద్ధకస్తుడనీ, బళ్లో శ్రద్ధ లేనివాడనీ అనేస్తారు. అది అన్యాయం. ఏ కదలిక తర్వాత ఏది చేయాలో మెదడు కూర్చుకోవడంలో వచ్చే ఈ ఇబ్బందే డిస్‌ప్రాక్సియా. వైద్యులు డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అంటారు. బడి ఈడు పిల్లల్లో సుమారు 5-6 శాతం మందికి ఉంటుందని అంచనా. తెలివితేటలకు దీంతో సంబంధం లేదు. హ్యారీ పాటర్ నటుడు డేనియల్ రాడ్‌క్లిఫ్ తనకు ఇది స్వల్పంగా ఉందని 2008లో చెప్పారు.

ఐదేళ్లలోపు దీన్ని సాధారణంగా నిర్ధారించరు. ఆ వయసులో తేడాలు మామూలే మరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పిల్లలు సొంతంగా నడిచేది 8 నుంచి 18 నెలల మధ్య ఎప్పుడైనా కావచ్చు. పక్కింటి పాపతో పోలికెందుకు? అయితే 18 నెలలు దాటాక కూడా నడవకపోయినా, వచ్చిన పనులు మళ్లీ రాకుండా పోతున్నా, ఏడాది నిండకముందే ఒక చేతినే వాడుతున్నా కారణాలు వేరే ఉండొచ్చు. వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి.

డిస్‌ప్రాక్సియాకు మందుల్లేవు. ఆక్యుపేషనల్ థెరపిస్టు గుండీ పెట్టడం లాంటి పనినే అంచెలుగా విడదీసి సాధన చేయిస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో ఎదుగుదల లోపాలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు.