బండి గుద్దిన కుక్క: అపోహలు – వాస్తవాలు

బండి గుద్దినా కుక్క లేచి నడిచిందంటే గండం గడిచినట్టేనని చాలామంది అనుకుంటారు. ఇంతకంటే ప్రమాదకరమైన అపోహ మరొకటి లేదు. దెబ్బ తగిలిన క్షణంలో రక్తంలోకి చేరే అడ్రినలిన్ నొప్పిని కొంతసేపు తెలియనివ్వదు. ఊపిరితిత్తుల చుట్టూ గాలి చేరడం, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రం చిరగడం, ప్లీహం నుంచి రక్తం కారడం, మూత్రాశయం పగలడం వంటివి పైకి కనిపించవు. కొన్నింటి లక్షణాలు బయటపడటానికి ఒకటి రెండు రోజులు కూడా పడుతుంది.

లోపలి పరిస్థితిని చిగుళ్లు కొంత చెబుతాయి. కుక్క చూడనిస్తే, పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలాలి. తెల్లబడిన చోటు 2 సెకన్లలోపే మళ్లీ గులాబీ రంగుకు రావాలి. ఆలస్యమైనా, చిగుళ్లు ముందే పాలిపోయి ఉన్నా షాక్‌గా అనుమానించాలి. చిగుళ్లు సహజంగానే నల్లగా ఉండే కుక్కల్లో కింది కనురెప్ప లోపలి వైపు చూస్తారు. రంగు బాగానే ఉన్నంత మాత్రాన డాక్టరు చేత పరీక్ష చేయించడం మానుకోకూడదు.

పెంచినవాళ్లను కుక్క కరవదన్న నమ్మకం నొప్పి ముందు నిలవదు. మెత్తని గుడ్డపట్టీతో మూతి వదులుగా కట్టాకే ఎత్తడం మంచిది. అయితే వాంతి చేసుకుంటున్నా, ఆయాసపడుతున్నా, స్పృహ లేకపోయినా, పగ్ లాంటి పొట్టి మూతి జాతి అయినా మూతి కట్టకూడదు. ఎత్తేటప్పుడు కాళ్లు పట్టి లాగితే వెన్నెముక గాయం ముదురుతుంది. చెక్క మీదికో దుప్పటి మీదికో జరిపి మోయాలి.

సొమ్మసిల్లిన కుక్క నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

రక్తం కారే చోట పసుపు, కాఫీ పొడి అద్దడం మన ఇళ్లలో మామూలే. అవి గాయంలో చెత్తగా మిగిలి, డాక్టరు శుభ్రం చేసే పనిని పెంచుతాయి. శుభ్రమైన గుడ్డతో ఆపకుండా 5 నిమిషాలు గట్టిగా అదిమిపట్టడమే సరైన పద్ధతి. గుడ్డ తడిస్తే తీయకుండా దానిపైనే మరొకటి వేయాలి. పురుగులు పట్టిన పుండు మీద కిరసనాయిలు పోయడం మరీ అన్యాయం. అది బతికున్న కండను కూడా కాలుస్తుంది.

నొప్పికి మనుషుల మాత్రలో పావువంతు వేస్తే చాలన్న లెక్క కూడా తప్పే. పారాసిటమాల్ మోతాదు మించితే కుక్క కాలేయాన్ని, రక్తకణాలను దెబ్బతీస్తుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్‌లతో కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు పాడవుతాయి.

వీధి కుక్కను ఎత్తినవారిని అది కరిస్తే, గాయం చిన్నదే అయినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకాకు వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

సంచార పశువైద్య వాహనాల నంబరు 1962కు ఫోన్ చేస్తే చాలు, ఇక చూస్తూ కూర్చోవచ్చన్నదీ పొరపాటే. ఆ వాహనాలు ప్రధానంగా పల్లెల్లోని పాడిపశువుల కోసం ఏర్పడినవి. అక్కడికి ఫోన్ చేస్తూనే, దగ్గరి పశువైద్యశాలలో ఆ వేళకు డాక్టరు ఉన్నారో లేదో, ఎక్స్‌రే తీస్తారో లేదో కనుక్కుని ఆటోలోనైనా బయల్దేరాలి.