ముప్పై సెంట్ల ఎర

తెలుగు బడి వార్షిక సంచికలో పద్యాలు, కథలు, పిల్లల బొమ్మలు ఉండాలి గానీ సెల్‌ఫోను మెసేజీల గురించి వ్యాసం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కారణం లేకపోలేదు. అమెరికాలో ఉన్న మన ఇళ్ళలో ఇంగ్లీషు మెసేజీ వస్తే చాలాసార్లు దాన్ని చదివి పెద్దలకు అర్థం చెప్పేది పిల్లలే. చూడడానికి వచ్చిన అమ్మమ్మ, తాతయ్యల ఫోన్లకు వాళ్ళే సలహాదారులు. కాబట్టి ఈ మోసం ఎలా నడుస్తుందో పెద్దలకూ పిల్లలకూ కలిపి ఒకేచోట చెబితే మంచిదని మా ఉపాధ్యాయులం అనుకున్నాం.

ఆ మెసేజీ మీలో చాలామంది చూసే ఉంటారు. "అమెరికా పోస్టల్ సర్వీస్: మీ పార్సెల్ గిడ్డంగికి చేరింది. చిరునామా సరిగా లేనందున అందించలేకపోయాం. పన్నెండు గంటల్లోగా ఈ లింకులో వివరాలు సరిచేయండి." లింకు తెరిస్తే పోస్టాఫీసు వారి గుర్తుతో, రంగులతో అచ్చం అసలు పేజీలాంటి పేజీ వస్తుంది. పేరు, చిరునామా, ఫోను నంబరు అడుగుతుంది. చివరికి మళ్ళీ పంపడానికి రుసుము ముప్పై సెంట్లు కట్టమంటుంది. ఒక్కోసారి రెండు మూడు డాలర్లు ఉంటుంది. అంత చిన్న మొత్తానికి ఎవరు ఆలోచిస్తారు? పోతే పోయింది ముప్పై సెంట్లేగా అనుకుంటాం. గాలానికి గుచ్చిన ఎర అదే.

అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ లెక్కల ప్రకారం, టెక్స్ట్ మెసేజీతో మొదలైన మోసాలలో 2024లో ప్రజలు పోగొట్టుకున్నామని ఫిర్యాదు చేసిన మొత్తం 47 కోట్ల డాలర్లు. వాటిలో ఎక్కువ ఫిర్యాదులు వచ్చింది ఈ దొంగ పార్సెల్ మెసేజీల మీదే.

వారికి కావలసింది ఏమిటి?

మోసగాడికి ఆ ముప్పై సెంట్లు అక్కరలేదు. అతనికి రెండు వస్తువులు కావాలి. ఒకటి మీ కార్డు నంబరు. రెండవది మీ బ్యాంకు మీ ఫోనుకు పంపే ఆరంకెల కోడ్. ఈ రెండవ దాని సంగతి తెలిస్తే ఈ మోసం సగం అర్థమైనట్టే.

మీరు కార్డు నంబరు వేయగానే ఆ పేజీ "మీ బ్యాంకు ఒక కోడ్ పంపింది, దాన్ని ఇక్కడ నింపండి" అంటుంది. సరిగ్గా అదే సమయానికి నిజంగానే మీ బ్యాంకు నుంచి కోడ్ వస్తుంది. అందుకే జనం నమ్ముతారు. కానీ ఆ కోడ్ ముప్పై సెంట్ల కోసం వచ్చింది కాదు. మోసగాడు ఎక్కడో కూర్చుని తన ఫోనులోని ఆపిల్ పేలోనో, గూగుల్ వాలెట్‌లోనో మీ కార్డును చేర్చుకుంటున్నాడు. "కార్డు యజమాని మీరేనా?" అని అడగడానికి బ్యాంకు ఆ కోడ్‌ను మీకు పంపింది. మీరు దాన్ని అతని పేజీలో నింపితే, అవును అని మీరే సంతకం పెట్టినట్టు. ఇక మీ కార్డు మీ జేబులోనూ ఉంటుంది, అతని ఫోనులోనూ ఉంటుంది. అతను ఆ రోజే వాడకపోవచ్చు. కొన్ని వారాలు ఆగి, మీరు ఆ సంగతి మరిచిపోయాక, దుకాణంలో ఫోను చూపించి వస్తువులు కొనవచ్చు.

బ్యాంకు పంపే మెసేజీని చాలామంది పూర్తిగా చదవరు, అంకెలు మాత్రం చూస్తారు. ఆ కోడ్ దేనికోసమో, దాన్ని ఎవరికీ చెప్పవద్దని సాధారణంగా అందులోనే రాసి ఉంటుంది. పిల్లలూ, ఇంట్లో ఎవరైనా కోడ్ చదవమంటే ముందు మెసేజీ మొత్తం పైకి చదవండి. ఇది మీరు చేయగలిగిన పెద్ద సహాయం.

కొన్ని దొంగ పేజీలలో మీరు టైపు చేస్తున్న ప్రతి అక్షరం అప్పటికప్పుడే అవతలివాడికి కనిపిస్తుంది. "చివర్లో అనుమానం వచ్చి బటన్ నొక్కలేదు, కాబట్టి ఏమీ కాలేదు" అనుకోవడానికి వీల్లేదు. కార్డు నంబరు టైపు చేశారంటే ఇచ్చేసినట్టే లెక్క.

మన ఇళ్ళకు ఎందుకు తగులుతుంది?

మోసగాళ్ళకు మీ పేరూ తెలియదు, మీకు పార్సెల్ వస్తున్నట్టూ తెలియదు. వేలకు వేలు నంబర్లకు ఒకే మెసేజీ పంపుతారు. అందులో కొందరు ఏదో ఒక పార్సెల్ కోసం ఎదురుచూస్తూ ఉండనే ఉంటారు. మన ఇళ్ళలో ఆ ఎదురుచూపు కాస్త ఎక్కువ. గుంటూరు నుంచో, కరీంనగర్ నుంచో ఆవకాయ, సున్నుండలు, పండుగ బట్టలు బయలుదేరాయంటే రోజూ తలుపు వైపు చూస్తూనే ఉంటాం.

దానికి తోడు మరో చిక్కు వచ్చింది. తక్కువ విలువ గల పార్సెళ్ళకు అమెరికాలో ఉన్న దిగుమతి సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ప్రభుత్వం ఎత్తివేసింది. దాంతో ప్రైవేటు కొరియర్ సంస్థలు కొన్నిసార్లు నిజంగానే సుంకం కట్టమని అడుగుతాయి. "పార్సెల్‌కు డబ్బు అడిగితే అది తప్పక మోసమే" అనే పాత సూత్రం ఇక పూర్తిగా పనిచేయదు. అందుకని డబ్బు అడిగారా లేదా అన్నదాన్ని బట్టి తేల్చుకోకండి. ఆ సంగతి మీకు ఏ దారిన తెలిసిందో, మీరు ఏ దారిన కట్టబోతున్నారో చూడండి.

గుర్తుపట్టడం ఎలా?

ఒకప్పుడు స్పెల్లింగు తప్పులు చూసి దొంగ మెసేజీని పట్టేవాళ్ళం. ఇప్పుడు ఆ పేజీలు అద్దెకు దొరికే తయారీ సరుకు. 2025 నవంబరులో గూగుల్ సంస్థ "లైట్‌హౌస్" అనే ఇలాంటి సరుకును నడిపేవారిపై న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో దావా వేసింది. పోస్టాఫీసు పేరుతో, రహదారి టోల్ పేరుతో దొంగ పేజీలు తయారుచేసేందుకు దాన్ని వాడారన్నది ఆరోపణ. కాబట్టి భాష చక్కగా ఉందని నమ్మకండి. ఈ గుర్తులు చూడండి.

మొదటిది, అడగని మెసేజీ. ఒక ట్రాకింగు నంబరు ఇచ్చి "దీని సంగతి నాకు తెలపండి" అని మనం ముందుగా కోరితే తప్ప అమెరికా పోస్టల్ సర్వీస్ మనకు మెసేజీ పంపదు. కోరినప్పుడు పంపినదాంట్లోనూ లింకు ఉండదు. మళ్ళీ తెచ్చి ఇవ్వడానికి రుసుము కూడా తీసుకోదు.

రెండవది, పంపినవారి నంబరు. అమెరికా పోస్టాఫీసు మెసేజీ ఫిలిప్పీన్స్ నంబరు నుంచో, ఊరూ పేరూ లేని ఈమెయిల్ నుంచో రావలసిన పని లేదు.

మూడవది, తొందరపెట్టడం. పన్నెండు గంటలు, ఈ రోజే, లేకపోతే వెనక్కి పంపేస్తాం అంటారు. తాటాకు చప్పుళ్ళకు బెదరకండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పార్సెల్ వస్తే పోస్టాఫీసువారు తలుపు దగ్గర చీటీ పెట్టి వెళతారు, కొన్ని రోజులు తమ దగ్గరే ఉంచుతారు.

నాల్గవది, విచిత్రమైన కోరిక. "వై అని జవాబిచ్చి, మెసేజీ మూసి, మళ్ళీ తెరిచి లింకు నొక్కండి" అని ఉంటుంది. తెలియనివారు పంపిన లింకును ఐఫోను నొక్కనివ్వదు. మీరు జవాబిస్తే ఆ తాళం తెరుచుకుంటుంది. తాళం మీ చేతనే తీయించడం అన్నమాట.

ఐదవది, లింకు చిరునామా. ఇది పిల్లలకు ప్రత్యేకంగా చెబుతున్నాం. మన తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది, ఇంగ్లీషువారికి చివర వస్తుంది. వెబ్ చిరునామాకు కూడా ఇంటిపేరు చివరే. మొదటి ఏటవాలు గీత ఎక్కడుందో చూసి, దానికి ముందున్న చివరి రెండు ముక్కలు చదవండి. "యుఎస్‌పిఎస్.కామ్/..." అని ఉంటే ఇంటిపేరు యుఎస్‌పిఎస్.కామ్, అది అసలుది. "యుఎస్‌పిఎస్.కామ్-ట్రాక్.టాప్/..." అని ఉంటే ఇంటిపేరు కామ్-ట్రాక్.టాప్. ముందున్న యుఎస్‌పిఎస్ ఆ ఇంటివాడు పెట్టుకున్న ముద్దుపేరు మాత్రమే. ముద్దుపేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు.

పార్సెల్ నిజంగా రావలసి ఉంటే?

వచ్చిన లింకును ముట్టుకోకుండా మన దారిన మనం వెళ్ళాలి. పంపినవారిని రసీదు ఫోటో పంపమనండి. భారత తపాలాశాఖ అంతర్జాతీయ స్పీడ్ పోస్టు నంబరులో ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, తరవాత తొమ్మిది అంకెలు, చివర ఇండియాను సూచించే ఐ, ఎన్ అనే అక్షరాలు ఉంటాయి. అమెరికా పోస్టల్ సర్వీస్ సైటును మీరే స్వయంగా టైపు చేసి తెరిచి ఆ నంబరు వేస్తే పార్సెల్ ఎక్కడుందో తెలుస్తుంది. ప్రైవేటు కొరియర్ అయితే రసీదు మీద ఉన్న నంబరుతో ఆ సంస్థ సొంత సైటులో చూడండి. నిజంగా సుంకం బాకీ ఉంటే అక్కడే కనిపిస్తుంది, అక్కడే కట్టవచ్చు.

ఇప్పటికే నొక్కి ఉంటే?

లింకు తెరిచి ఏమీ నింపకుండా మూసేసి ఉంటే కంగారు పడనక్కరలేదు. మెసేజీని 7726 నంబరుకు పంపి, తరవాత తీసేయండి. ఫోను మీటల మీద ఇంగ్లీషులో స్పామ్ అనే మాటకు వచ్చే అంకెలే అవి.

కార్డు నంబరు ఇచ్చి ఉంటే, కార్డు వెనక ముద్రించిన నంబరుకు ఆ క్షణమే ఫోను చేయండి. కార్డు రద్దు చేసి కొత్తది ఇమ్మనండి. కోడ్ కూడా ఇచ్చి ఉంటే మరో మాట తప్పక అడగండి: "నా కార్డు వేరే ఫోను వాలెట్‌లో చేరిందేమో చూసి తీసేయండి." క్రెడిట్ కార్డు మీద మనకు తెలియకుండా జరిగిన ఖర్చుకు అమెరికా చట్టం ప్రకారం మన బాధ్యత 50 డాలర్లు మించదు. డెబిట్ కార్డుతో అయితే డబ్బు ముందే ఖాతాలోంచి పోతుంది. స్టేట్‌మెంటు వచ్చిన 60 రోజుల్లోగా చెప్పకపోతే తరవాత పోయినది తిరిగి రాకపోవచ్చు. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇచ్చి ఉంటే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటిలోనూ క్రెడిట్‌ను స్తంభింపజేయండి. 2018 నుంచి ఇది అందరికీ ఉచితం. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వారి రిపోర్ట్‌ఫ్రాడ్.ఎఫ్‌టిసి.గవ్ సైటులో ఫిర్యాదు కూడా నమోదు చేయండి.

ఇండియాలో ఉన్న మన పెద్దలకు కూడా ఈ సంగతి చెప్పండి. ఇండియా పోస్ట్ పేరుతో ఇవే మాటలతో మెసేజీలు తిరుగుతుంటే అది అబద్ధమని భారత ప్రభుత్వ పి.ఐ.బి. ఫ్యాక్ట్ చెక్ విభాగం 2024లో హెచ్చరించింది. అక్కడ డబ్బు పోతే వెంటనే చేయవలసిన నంబరు 1930.

పిల్లలకు చిన్న పరీక్ష

ఒకటి: "మీ పార్సెల్ ఆగిపోయింది, యుఎస్‌పిఎస్.రీడెలివరీ-హెల్ప్.కామ్ లో రుసుము కట్టండి." రెండు: పోయిన వారం నాన్నగారు పోస్టల్ సర్వీస్ సైటులో నంబరు ఇచ్చి కోరగా వచ్చిన మెసేజీ, పార్సెల్ రేపు వస్తుందని ఉంది, లింకు లేదు, డబ్బు అడగలేదు. మూడు: కొరియర్ సంస్థ పేరుతో సుంకం కట్టమని మెసేజీ, పెదనాన్నగారు నిజంగానే పార్సెల్ పంపారు.

జవాబులు. మొదటిది దొంగది, ఇంటిపేరు చూడండి. రెండవదాన్ని నమ్మవచ్చు. మూడవది ఏదైనా కావచ్చు! అక్కడ "తెలియదు" అన్నదే సరైన జవాబు. లింకు నొక్కకుండా రసీదు నంబరుతో సంస్థ సైటులో చూసినవారికి పూర్తి మార్కులు.

ఇక పెద్దలకు ఒక మనవి. ఈ మోసంలో డబ్బుకన్నా ముందు పోయేది సమయం. కోడ్ ఇచ్చిన పది నిమిషాల్లో బ్యాంకుకు చెబితే చాలావరకు ఆపవచ్చు. కానీ "అమ్మ తిడుతుంది" అని పిల్లవాడు దాస్తాడు, "కోడలు ఏమనుకుంటుందో" అని అత్తగారు దాస్తారు, "ఇంత చదివి మోసపోయానా" అని ఇంజనీరుగారు కూడా దాస్తారు. రాత్రి గడిచిపోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టవుతుంది. పొరపాటు జరిగిందని ఎవరు వచ్చి చెప్పినా ముందు "చెప్పి మంచి పని చేశావు" అనండి. కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోను చేయండి. మందలింపులు ఏమైనా ఉంటే రేపు చూసుకోవచ్చు.